ప్రతినాయకుని పక్షము: హిడింబుని నేలమీద ఒక విచారము

కథ వినునప్పుడు జనులు నాయకుని జయమును గోరుదురు. కథ ముగిసిన పిమ్మట ప్రతినాయకుని గూర్చి ముచ్చటించుకొందురు. తోలుబొమ్మల తెరమీదికి రావణుడు వచ్చినప్పుడు పిల్లలు తల్లి కొంగు చాటున దాగుకొనియు నాతనినే చూచుచుందురు. రంగస్థలముమీద దుర్యోధన పాత్రధారి పద్యము నెత్తుకొనగనే వన్స్‌మోర్ కేకలు పుట్టును. నేటి పిల్లలు టెలివిజనులో కార్టూను చూచునప్పుడును ఇదియే వరుస. మంచివాడు గెలువవలెనందురు, ఆటలలో మాత్రము చెడ్డవాని వేషము నాకు కావలెను, నాకు కావలెనని పోట్లాడుకొందురు. ఈ మక్కువ దుష్టత్వముపైననా, లేక ఆ దుష్టుడు అట్లేల చేసెనో తెలిసికొనవలెనను కుతూహలము వలననా? ఇది పిల్లల ముచ్చటగా గానవచ్చినను నిజమునకు సాహిత్యచరిత్రకు సంబంధించిన ప్రశ్న. దీనిని విచారించుటకు తెలుగుదేశమునకు వెలుపల, వంగదేశపు రైల్వే పట్టణము నానుకొనియున్న హిజ్లీ మిక్కిలి తగిన తావు.

ఖరగ్‌పూరును పట్టణముగా జేసినది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆ కంపెనీ కర్మాగారము ఖరగ్‌పూరున వెలసినది. దానివెంట ఉత్తరాంధ్రమునుండి తెలుగు కుటుంబములు పనికి వచ్చి, క్వార్టర్లలో గాపురముండి, అచ్చటనే స్థిరపడినవి. 1927లో ఇచ్చటి కార్మికులు సమ్మె చేసినప్పుడు వారికి నాయకత్వము వహించిన వరాహగిరి వేంకటగిరి తెలుగువాడే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము తెలుగునకు రాష్ట్రమున అధికారభాషా ప్రతిపత్తి నొసగ నిర్ణయించుటకు ఈ పట్టణపు తెలుగువారి ఉనికియే ముఖ్యకారణము. పట్టణము నానుకొని హిజ్లీ యున్నది. అందొక రైల్వే స్టేషనున్నది. బ్రిటిషు ప్రభుత్వము కట్టించిన చెఱసాల యున్నది. ఆ చెఱసాలలోనే 1951లో ఆరంభమైన భారత సాంకేతిక విద్యాసంస్థ యున్నది. చుట్టును మేదినీపురపు సాలవనములు.

ఆ సాలవనములకు బురాణగాథ యొకటి కలదు. ఖరగ్‌పూరులోని ఇందా ప్రాంతమున ఖడ్గేశ్వరుని యాలయమున్నది. పట్టణమునకు ఆ పేరు ఈ దేవుని వలన వచ్చినదని చెప్పుదురు. లక్క యింటినుండి తప్పించుకొన్న పాండవులు ఈ యడవికే వచ్చిరనియు, భీముడు హిడింబాసురుని జంపినది ఈ నేలమీదనే యనియు, వాని చెల్లెలిని బెండ్లాడినది ఇచ్చటనే యనియు స్థానికులు చెప్పుకొందురు. ఇట్టి గాథ ఈ యొక్క తావునకే చెందినది కాదు. హిమాచలమున మనాలిలో 1553లో గట్టిన హిడింబాదేవి యాలయమున్నది; అచ్చట రాక్షసి దేవతయై పూజ లందుకొనుచున్నది. అస్సాము ప్రాంతమున నేలిన కచారీ రాజులు తాము ఘటోత్కచుని వంశమువారమని చెప్పుకొనిరి. ఒక రాక్షసుడు చచ్చిన చోటు తమ యూరనియో, ఒక రాక్షసి కడుపు తమ మూలమనియో చెప్పుకొనుటకు జనులు సిగ్గుపడలేదు; పైపెచ్చు గర్వపడిరి. ప్రతినాయకునిపై మక్కువ ఎంత పాతదో తెలియుటకు ఇదియే చాలును.

ఇంతకు హిడింబుని దోషమేమి? ఆదిపర్వకథలో వాడొక సాలవృక్షము నాశ్రయించియుండును. మనుష్యుల వాసన సోకినది; ఆకలి గలిగినది; చెల్లెలిని బంపినాడు. చెల్లెలు భీముని జూచి వలచినది. పోయిన పని మఱచినది. అన్న కోపించి వచ్చి, ఆమెను గూడ జంపబోయి, భీముని చేత జచ్చెను. నన్నయభట్టు పదునొకండవ శతాబ్దిలో ఈ కథను దెలుగున జెప్పినప్పటినుండి మనవారికిది పరిచితమే. వాని యడవిలోనికి వచ్చినవారు పాండవులు. వాని యాకలి వాని జాతిధర్మము. అయినను నిద్రించువారిని దిననెంచుట, తోబుట్టువును జంపబూనుట వాని నేరములు. ఆకలి కారణము మాత్రమే. ఆ కారణము నేరమును మాపదు. ఈ రెంటిని వేఱువేఱుగా బట్టుకొనుటలోనే ప్రతినాయక చిత్రణమంతయు నున్నది.

హిడింబ కొడుకు ఘటోత్కచుని కథ యీ చిక్కును మఱింత బిగించును. తల్లి రాక్షసి, తండ్రి పాండవుడు. భారతయుద్ధమున పాండవపక్షమున బోరి, కర్ణుని శక్తికి బలియై, అర్జునుని గాచినాడు. వ్యాసుని ద్రోణపర్వమున ఆ రాత్రి పాండవులు శోకింపగా శ్రీకృష్ణుడు సంతోషించును. కర్ణుని శక్తి వ్యయమైనదను సంతోషముతో నాతడాగడు. ఘటోత్కచుడు యజ్ఞద్వేషియనియు, కర్ణుడు చంపనిచో తానే యొకనాడు చంపవలసివచ్చెడిదనియు చెప్పును. మనపక్షమున బ్రాణమిచ్చినవాడును పుట్టుకచేత బ్రతినాయకుల జాబితాలోనుండెనని యా మాటవలన దెలియుచున్నది. మహాభారతము ఈ మాటను దాచలేదు. దాచనందువలననే వినువాని మనస్సు ఘటోత్కచుని వైపు మొగ్గును. తెలుగువారు ఆ మొగ్గును తెరకెక్కించిరి. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వమున వచ్చిన మాయాబజారున పాండవులు కానరారు. హిడింబ కొడుకే కథ నడుపును. ఎస్. వి. రంగారావు ధరించిన ఆ ఘటోత్కచుని జూచి భయపడిన తెలుగుబిడ్డ యుండడు. హిడింబుని మేనల్లుడు మన యిండ్లలో మేనమామవలె నయ్యెను.

ప్రాచీనులైన లాక్షణికులు ఈ విషయమున రెండు త్రోవలు చూపిరి. పదియవ శతాబ్దివాడైన ధనంజయుడు దశరూపకమున ప్రతినాయకుని లోభిగను, ఉద్ధతునిగను, మొండివానిగను, పాపిగను, వ్యసనపరునిగను నిర్వచించెను. ఈ త్రోవలో శత్రువు దుర్గుణముల మూట, ఓడుటకే పుట్టినవాడు. దండి కావ్యాదర్శమున వేఱుమాట జెప్పెను. శత్రువు వంశమును, పరాక్రమమును, విద్యను మొదట వర్ణించి, అట్టివానిని నాయకుడు గెలిచినట్లు చెప్పుట తనకు మనోహరమని యాతని తీర్పు. అల్పుని గెలిచినవాని గెలుపు అల్పమే గదా. కాని దండి త్రోవను బట్టి నడచిన కవికి ఒక యిబ్బంది యెదురగును. శత్రువు విద్యను, వంశమును వర్ణింపబూనినచో వాని మనస్సులోనికి బోవక తప్పదు. మనస్సులోనికి బోయినచో వాని కారణములు కనబడును. ఒకసారి కనబడిన కారణములను కవియు మఱువలేడు, పాఠకుడును మఱువలేడు.

సంస్కృతమున భాసుడు ఈ త్రోవలో చాల దూరము పోయెను. ఊరుభంగమున తొడలు విఱిగిపడియున్న దుర్యోధనుడు తండ్రికి, భార్యలకు, పసికొడుకునకు వీడ్కోలు చెప్పుచు బ్రాణము విడుచును. ఆ నాటకము చిరకాలము మఱుగునబడి, గణపతిశాస్త్రి తిరువనంతపురమున భాసనాటకములను బ్రకటించిన పిదపనే లోకమునకు దెలిసినది. తెలుగున రంగనాథ రామాయణము పదుమూడవ శతాబ్దిలో ద్విపదలో వెలసినది. అందు వాల్మీకమున లేని కథలు పెక్కు గలవు. ఇంద్రజిత్తు భార్య సులోచన దుఃఖము వానిలో నొకటి. తనపై బాణములు వేయుచున్న రాముని విలువిద్యను రావణుడే మెచ్చుకొనుట మఱొకటి. శత్రువు నేర్పును మెచ్చగలవాడు కేవలదుష్టుడు కాజాలడని శ్రోతకు దోచును. పోతన భాగవతమున హిరణ్యకశిపుని క్రోధమునకు మూలము తమ్ముని చావు. అంతకు వెనుక జయవిజయుల శాపకథ యున్నది. భక్తులుగా బెక్కు జన్మములెత్తుట కంటె శత్రువులుగా మూడు జన్మములే మేలని వారు కోరుకొనిరి. వైరము గూడ భగవంతుని జేరు త్రోవయే యని చెప్పిన సంప్రదాయము ప్రతినాయకుని కారణమును ఎంత లోతుగా వెదకినదో యూహింపవచ్చును.

ఈ కావ్యములను చదువురాని జనమునకు జేర్చినది తోలుబొమ్మలాట. నేటి కార్టూనునకు మన దేశమున గల పూర్వరూపమును జూపుమన్నచో దీనినే చూపవలెను. తోలును పలుచన జేసి, ఆకారములు గత్తిరించి, రంగులు వేసి, వెనుకనుండి దీపము వెలిగించి, తెరపై నాడించు బొమ్మలివి. అనంతపురపు ప్రాంతమున నిమ్మలకుంట నేటికిని ఈ కళకు నిలయము. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావునకు 2020లో పద్మశ్రీ వచ్చినది. ఈ బొమ్మలలో రావణుని బొమ్మకు ప్రత్యేకస్థానము. పది తలలు, ఇరువది చేతులు, కిరీటములు, ఆయుధములు. శ్రమ యంతయు నందే. బొమ్మ చేయువాడు రామునికి నెమ్మది నిచ్చెను. రావణునికి వైభవము నిచ్చెను. ప్రతినాయకుడు కంటికి విందుగా నుండవలెననునది చిత్రకళ యొక్క పాత న్యాయము. తెరమీద నాతడు కదలినప్పుడు ప్రేక్షకుల చూపు తానుగా నటు పోవును. అటు పోయిన చూపునకు ఆటగాడు రంగనాథ రామాయణపు ద్విపదలు పాడి రావణుని మాటను గూడ వినిపించును. వైభవము చూపును బట్టినది. మాట మనస్సును బట్టినది.

తెలుగువాడు ఖరగ్‌పూరునకు ఈ బొమ్మల జ్ఞాపకముతో వచ్చినాడు. ఇచ్చట నాతనికి బొరుగున నున్న వంగభాషలో ఇదే ప్రశ్న అప్పటికే పెద్ద కావ్యమై యుండెను. మైకేల్ మధుసూదన దత్తు 1861లో మేఘనాదవధ కావ్యమును బ్రకటించెను. అందు రావణుడు పుత్రశోకముతో గుములు తండ్రి. మేఘనాదుడు స్వదేశమును గాపాడబూనిన వీరుడు. లంక ముట్టడింపబడిన నగరము. ఆ కవి 1848 నుండి 1856 వఱకు మద్రాసున నివసించి, బోధకుడుగను పత్రికారచయితగను బని చేసినవాడు. మిల్టను కావ్యము నాతడు తలకెత్తుకొన్నాడు. 1667లో వెలువడిన పారడైజ్ లాస్ట్ కావ్యమున సైతానునకు లభించిన వాక్కును జూచి, మిల్టను తనకు దెలియకయే సైతాను పక్షమున నుండెనని బ్లేకు తరువాత వ్యాఖ్యానించెను. మధుసూదనుడు మాత్రము తెలిసియే రావణుని పక్షమున నిలిచెను. పరపాలనమున నున్న కవికి ముట్టడిలోనున్న లంక దూరపుదేశముగా దోచలేదు.

ఖరగ్‌పూరున దసరా దినములలో ఈ సంప్రదాయములన్నియు నొక్కచోట గలియును. ఉత్తరదేశపు వారి యలవాటు ననుసరించి రావణుని బొమ్మను దగులబెట్టుదురు. వంగీయుల మండపములలో దుర్గ పాదముల క్రింద మహిషాసురుడు కండలు దిరిగిన దేహముతో, శూలము గ్రుచ్చుకొన్న ఱొమ్ముతో దలయెత్తి చూచుచుండును. విగ్రహశిల్పి నేర్పు చాలవఱకు ఆ యసురుని దేహముమీదనే వ్యయమగును. చుట్టుపట్ల సంతాలు పల్లెలలో అవే దినములలో దాసాయ్ నాట్యము చేయుదురు. హుదుర్ దుర్గ యను తమ వీరుడు మోసముచేత జచ్చెననియు, ఆ నాట్యము వాని కొఱకు జేయు శోకమనియు వారిలో ననేకులు చెప్పుదురు. మహిషాసురుడు వాడే యని యిటీవలి దశాబ్దములలో బహిరంగముగ స్మరించుచున్నారు. ఒకరి విజయదశమి మఱొకరికి దినవారము. ఎవరి కథ సత్యమని నిర్ణయించుట యిచ్చటి పని కాదు. ఒక కథలో ప్రతినాయకుడైనవానికి వేఱొక గడపలో బంధువు లుందురని తెలిసికొనుట మాత్రము కథ వ్రాయువారి పని.

హిజ్లీ చెఱసాల ఈ సత్యమును పురాణమునుండి చరిత్రలోనికి దెచ్చినది. సహాయనిరాకరణ, శాసనోల్లంఘన ఉద్యమములతో వంగదేశపు జైళ్లు నిండిపోగా 1930లో ప్రభుత్వము ఇచ్చట నిర్బంధశిబిరమును దెఱచినది. ఇందు బెట్టబడిన యువకులలో ననేకులకు న్యాయస్థానమున విచారణయే లేదు. ప్రభుత్వపు కాగితములలో వారు సమాజమునకు బ్రమాదకరులు, హింసాపరులు. సంగ్రహముగా జెప్పవలెనన్న ప్రతినాయకులు. 1931 సెప్టెంబరు 16వ తేదీ రాత్రి కావలివారు నిరాయుధులైన నిర్బంధితులపై తుపాకులు కాల్చిరి. సంతోషకుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త యనువారు మరణించిరి. వారి దేహములను గొనిపోవుటకు సుభాస్ చంద్ర బోసు హిజ్లీకి వచ్చెను. ఆ నెల 26న కలకత్తా మైదానమున జరిగిన మహాసభలో డెబ్బదియేండ్ల రవీంద్రనాథ ఠాకూరు ఈ కృత్యమును ఖండించెను. పిమ్మట నాతడు వ్రాసిన ప్రశ్న యను కవితను విమర్శకులు ఈ సంఘటనతో ముడిపెట్టుదురు. వెలుతురు నార్పినవారిని క్షమింపగలమా యను సందేహమే దానికి బ్రాణము.

ఇరువదియేండ్లు గడచినవి. స్వతంత్రభారతము తన తొలి సాంకేతిక విద్యాసంస్థను అదే భవనమున నారంభించినది. ఆ భవనము హిజ్లీ షహీద్ భవన్ అయినది. తరువాత నందు విజ్ఞానప్రదర్శనశాల వెలసినది. గోడలు మాఱలేదు, వానిలో నుండినవారి పేరు మాఱినది. ప్రభుత్వపు కాగితములు దుష్టులన్నవారిని దేశము అమరవీరులన్నది. ప్రతినాయకుని కారణము నడుగుటవలన గలుగు లాభము హిజ్లీయందు దెలిసినంత స్పష్టముగ మఱియెచ్చటను దెలియదు. అడుగనిచో ఆ కాగితములే చరిత్రగా మిగిలియుండెడివి.

అయితే హిజ్లీయే మఱొక ప్రశ్నను గూడ మనముందుంచును. తుపాకి పేల్చిన కావలివానికి గూడ కారణములుండును గదా. ఆజ్ఞ, భయము, జీతము, ఇంటివద్ద బిడ్డలు. వానిని గూర్చి కథ వ్రాయువాడు ఇవి యన్నియు వ్రాయవలసినదే. వ్రాసిన పిమ్మట నిరాయుధుల చావు చిన్నది కాగూడదు. నిర్బంధితుని కారణము విన్నప్పుడు మన తీర్పు మాఱినది; కావలివాని కారణము విన్నప్పుడు మన తీర్పు మాఱదు, వాని నొక మనుష్యునిగా గుర్తింతుము. కారణము వినుట న్యాయమునకు మొదటి మెట్టు మాత్రమే. తీర్పు దానిపై మెట్టు. ఈ రెండు మెట్లును కలిపివేసినచో ఒకచోట అన్యాయముగా ద్వేషింతుము. మఱొకచోట అన్యాయముగా క్షమింతుము.

తెలుగు నాటకమును, చలనచిత్రమును ఈ గీటురాతిమీద బెట్టి చూడవచ్చును. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల వలన దుర్యోధనుడు పల్లెపల్లెకు దెలిసిన గొంతు అయ్యెను. ఆ గొంతులోని అభిమానధనమును జనులు మెచ్చిరి. త్రిపురనేని రామస్వామి కురుక్షేత్ర సంగ్రామమున కౌరవపక్షపు న్యాయమును వాదమునకే పెట్టెను. 1920లో వచ్చిన శంబుకవధలో శిక్షింపబడినవాని వైపునుండి శిక్షించినవానిని బ్రశ్నించెను. 1958లో భూకైలాస్, 1961లో సీతారామ కల్యాణము వచ్చినవి. రెంటను రావణపాత్ర నందమూరి తారక రామారావుదే. రెండవదానిలో నాతడే దర్శకుడు. ఈ చిత్రములందలి రావణుడు శివభక్తుడు, సంగీతజ్ఞుడు, తల్లి కోరిక దీర్చబూనిన కొడుకు. 1977లో దానవీరశూరకర్ణ వచ్చెను. కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు మువ్వురును రామారావే. కొండవీటి వేంకటకవి సమకూర్చిన దుర్యోధనుని మాటలు, అందును కులపరీక్ష సందర్భమున బలికినవి, జనుల నోట నానిపోయినవి. జన్మముబట్టి కర్ణు నవమానించిన సభలో దుర్యోధను డొక్కడే లేచి రాజ్యమిచ్చుట వట్టి స్నేహముగా నిలువక సంఘమునకు వేసిన ప్రశ్నగా ధ్వనించినది. ప్రేక్షకులు చప్పట్లు గొట్టినది ఆ ప్రశ్నకే. ద్రౌపది పరాభవమునకు ఎవ్వరును చప్పట్లు గొట్టలేదు.

దీనికి బ్రక్కన 1963 నాటి నర్తనశాలను బెట్టవలెను. అందలి కీచకునికి కారణము స్పష్టమే: కామము, దానికి దోడు అధికారము. రంగారావు ఆ పాత్రను ధరించి, 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఉత్తమనటుడుగా బహుమతి నందుకొనెను. కీచకుని చూపును, నడకను, పొగరును జనులు దశాబ్దముల తరబడి మెచ్చుకొనిరి. కాని సైరంధ్రి దోషమున్నదని యొక్కడును తలపలేదు. పాత్రయందు మక్కువ, పనియందు రోత, ఈ రెండును చెక్కుచెదరక నిలిచినవి. ప్రతినాయక చిత్రణమునకు ఇంతకు మించిన మేలుబంతి వెదకనక్కఱలేదు. కవియు నటుడును కీచకుని లోపలి మంటను పూర్తిగా జూపిరి. దానికి గాయమునో, బాల్యదుఃఖమునో సాకుగా గల్పింపలేదు.

పిల్లల సాహిత్యమునకు వచ్చినచో 1947 జులైలో మద్రాసునుండి వెలువడిన చందమామను ముందు జెప్పవలెను. దాసరి సుబ్రహ్మణ్యము ధారావాహికలలో మాంత్రికులు, రాక్షసులు, విచిత్రజంతువులు పిల్లల నిద్రను జెడగొట్టిన మాట నిజము. వానికి చిత్ర, శంకర్ వంటి చిత్రకారులు గీసిన బొమ్మలలో గుబురుకనుబొమ్మల మాంత్రికుడు రాజకుమారునికంటె స్పష్టముగ గుర్తుండును. 1951 నాటి పాతాళభైరవిలోని నేపాళ మాంత్రికుడును ఆ కోవలోనివాడే. ఆ మాంత్రికుల కారణము సాధారణముగా నొక్కటే: శక్తి కావలెను. ఆ శక్తి కొఱకు వారు పడు శ్రమ నాయకుని శ్రమకంటె దక్కువ కాదు. ఒకే నిధికి ఇరువురు ప్రయాణికులు. ఒకడు ఇతరుల ప్రాణమును వెలగా బెట్టును, మఱొకడు తన ప్రాణమును బెట్టును. ధర్మాధర్మముల భేదమును పిల్లవానికి దెలుపుటకు ఇంతకంటె సులభమైన త్రాసు లేదు.

పాశ్చాత్యుల కార్టూను చిత్రములును ఇదే త్రోవన నడచినవి. 1937లో డిస్నీ నిర్మించిన స్నోవైట్ చిత్రమున రాణి అద్దము నడిగిన ప్రశ్నలో నామె కారణమంతయు నున్నది. సౌందర్యమున రెండవస్థానమున కామె యోర్వలేదు. 1959 నాటి స్లీపింగ్ బ్యూటీ చిత్రమున మాలెఫిసెంటు అను మాయావినికి కారణము పిలుపు రాని పేరంటము. అది చాలక 2014లో ఆమె పేరనే మఱొక చిత్రము వచ్చినది. అందు రాజ్యము కొఱకు ప్రియుడే యామె ఱెక్కలు దఱిగికొనిపోవును. శాపము వెనుక ద్రోహమున్నదని తేలును. ఈ యిరువదియొకటవ శతాబ్దిలో అట్టి కథలు వాడుక యైనవి. ప్రతి దుష్టునికిని ఒక గాయము, ప్రతి గాయమునకు ఒక పూర్వకథ. దండి జూపిన త్రోవ ఇంత దూరము వచ్చినందుకు సంతోషింపవలసినదే. గాయమును జూపిన వెంటనే లెక్క తీఱినదని కథకుడు చేతులు దులుపుకొన్నచో మాత్రము కీచకుని జూచి నేర్చుకొన్నది మఱచినట్లగును. గాయపడినవారందఱును శాపములు పెట్టరు. పెట్టనివారి కథ గూడ ఎవరైన జెప్పవలసియున్నది.

మన నాట పిల్లల కార్టూనులలో మిక్కిలి పేరువడసిన ఛోటా భీమ్ 2008లో ప్రసారము కాదొడగినది. దానిని రూపొందించినది హైదరాబాదునందలి గ్రీన్ గోల్డ్ సంస్థ. సృష్టికర్త రాజీవ్ చిలక. పేరు భీమునిది, బలము భీమునిది, తిండియు భీమునిదే. లడ్డు తిన్నచో బలము హెచ్చును. 2012లో వచ్చిన చలనచిత్రమున దమ్యాన్ అను మాంత్రికుడు శత్రువు. కాని పిల్లలకు నిత్యము కనబడు ప్రతిద్వంద్వి కాలియా. వాడు రాక్షసుడు కాడు. గొప్పలు చెప్పుకొను ఊరి పిల్లవాడు. వెంట డోలు, భోలు. మెప్పంతయు భీమునికే పోవుచున్నదని వాని యేడ్పు. ఆ యేడ్పు ఎఱుగని బిడ్డ యే బడిలోను లేడు. అందువలననే వాడు ప్రతిసారి ఓడినను పిల్లలు వానిని వదలరు. అవసరము వచ్చినప్పుడు వాడును భీముని ప్రక్కన నిలుచును. నన్నయ నాటి భీముడు హిడింబుని జంపి, వాని చెల్లెలిని బెండ్లాడి, రాక్షసకులముతో బంధుత్వము గలుపుకొనెను. నేటి చిన్న భీముడు ప్రతిద్వంద్వితో గలసి యాడుకొనుచున్నాడు. వేయియేండ్ల నడుమ తెలుగువారి చేతులలో ఈ కథ యొక్క స్వభావము పెద్దగా మాఱలేదు.

ఈ చరిత్రవలన తేలునది యొక్కటి. జనులు ప్రతినాయకుని బ్రేమించుట దుష్టత్వమును బ్రేమించుట కాదు. తమలో నెవరును ఒప్పుకొనని యాకలి, ఈర్ష్య, అభిమానము, పుత్రశోకము వాడొక్కడు బహిరంగముగ నొప్పుకొనును. నాయకుడు తన మనస్సును దాచుకొనుట మర్యాద, ప్రతినాయకుడు దాచలేడు. రచయితకు వానివలన గల ప్రయోజనము చాల గొప్పది. వానికి నిజమైన కారణమిచ్చినచో నాయకుని ధర్మము గూడ నిజమగును. కారణము దీసివేసినచో ఇరువురును గడ్డిబొమ్మలగుదురు. గడ్డిబొమ్మను దగులబెట్టుట సులభము, చూచుటకు వేడుక. ఆ వేడుకకు అలవాటుపడిన సమాజము బ్రదికియున్న మనుష్యులకు గూడ ఆ పేరు బెట్టుటకు జంకదు. హిజ్లీ గోడలు చూచినది అదియే.

అందువలన తెలుగు రచయితకు ఖరగ్‌పూరు ఒక దూరపు రైల్వే స్టేషనుగా మాత్రమే మిగులగూడదు. అచ్చటి తెలుగుబిడ్డ ఇంట రామకథ వినును. వీధిలో రావణదహనము జూచును. వంగీయుల మండపమున మహిషాసురుని కన్నులలోనికి జూచును. సంతాలు డప్పులు వినును. హిజ్లీ భవనపు గోడమీద అమరుల పేరులు చదువును. వాడు పెద్దవాడై కథ వ్రాసినచో అందలి ప్రతినాయకునికి ఎన్ని గొంతులుండునో! అట్టి కథలు తెలుగున నింకను దక్కువగానే యున్నవి. హిడింబుడు చచ్చినదని చెప్పబడు నేలమీద, వాని వైపునుండి, వాని నేరమును దాచక, ఒక కథ చెప్పువా రింకను రావలసియున్నది.